ఫోన్‌లో చెప్పిన జబ్బు కథ: ఇంటర్నెట్ ద్వారా ఆరోగ్య పరిశోధన ఎలా జరుగుతుంది, చిక్కు ఎక్కడ పడుతుంది?

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో, థైరాయిడ్ పేషెంట్ల గ్రూపుల్లో, కొత్తగా తల్లులైనవాళ్ల గ్రూపుల్లో ఒక రకం మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. "నేను కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ చేస్తున్నాను. నా థీసిస్ కోసం మీ అనుభవాలు తెలుసుకోవాలి. జూమ్‌లో ఒక అరగంట మాట్లాడితే చాలు. వివరాలు గోప్యంగా ఉంచుతాం." కింద రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకరు "తప్పకుండా అమ్మా, నంబర్ పెట్టు" అంటారు. ఇంకొకరు "ఓటీపీ అడుగుతారు, జాగ్రత్త" అంటారు. ఆన్‌లైన్ మోసాలు ఇంతగా పెరిగాక రెండో మాటను తప్పుపట్టలేం. కానీ ఆ హడావుడిలో అసలు ప్రశ్నలు ఎవరూ అడగరు. ఈ అరగంట మాటలతో వాళ్లేం చేస్తారు? ఇరవై మందితో మాట్లాడితే అది పరిశోధన ఎలా అవుతుంది? గోప్యంగా అంటే ఎంత గోప్యంగా?

శాతాలకు దొరకని సమాధానం

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లలో చాలామందికి కాన్పు తర్వాత అది తగ్గిపోతుంది. అయితే తర్వాతి ఏళ్లలో టైప్-2 మధుమేహం వచ్చే ప్రమాదం వీళ్లకు మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. అందుకే కాన్పైన ఆరు వారాలకు పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు ఇంకోసారి రక్తం తీసి చూడాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. చాలామంది ఆ పరీక్షకు రారు.

ఎంతమంది రాలేదో ఆసుపత్రి రిజిస్టరు చూస్తే తెలిసిపోతుంది. ఎందుకు రాలేదో దానిలో ఉండదు. గూగుల్ ఫారం పెట్టి "దూరం, ఖర్చు, సమయం లేదు, తెలియదు" అని నాలుగు గడులు ఇస్తే జనం ఆ నాలుగింట్లోనే టిక్ పెడతారు. పరిశోధకురాలికి తట్టని ఐదో కారణం ఆ ఫారంలోకి ఎప్పటికీ రాదు. ఆ ఐదో కారణం కోసం చేసేదే గుణాత్మక పరిశోధన. లెక్కపెట్టడం దీని పని కాదు. మనిషిని మాట్లాడనిచ్చి, ఆ మాటలనే డేటాగా తీసుకుంటుంది. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే ఇంటర్వ్యూ, ఆరుగురు పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఫోకస్ గ్రూప్. రోజూ తమ అనుభవం రాయమనో, చెప్పమనో అడిగితే డైరీ పద్ధతి.

మాటలు వచ్చాక పని మొదలవుతుంది. రికార్డింగును అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటే అది ట్రాన్స్‌క్రిప్ట్. అందులో ప్రతి ముక్క పక్కన అది దేని గురించో ఒక చిన్న గుర్తు రాస్తారు. దీన్ని కోడింగ్ అంటారు, మాదాపూర్‌లో జరిగేది కాదు. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న కోడ్లను కలుపుతూ పోతే కొన్ని పెద్ద విషయాలు తేలతాయి. 2006లో వర్జీనియా బ్రాన్, విక్టోరియా క్లార్క్ ఈ పద్ధతిని అంచెలంచెలుగా వివరించి రాసిన వ్యాసాన్నే ఇప్పటికీ మన పీజీలు ఎక్కువగా ఆధారం చేసుకుంటారు.

ఇరవై మంది సరిపోతారా అంటే, ఇక్కడ కొలత వేరు. కొత్త మనిషితో మాట్లాడినా కొత్త విషయం రాని స్థితి వచ్చినప్పుడు ఆపుతారు. 2006లోనే గ్రెగ్ గెస్ట్ బృందం ఘనా, నైజీరియాలలో స్త్రీలతో చేసిన 60 ఇంటర్వ్యూలను వెనక్కి తిరిగి పరిశీలించింది. ముఖ్యమైన విషయాల్లో చాలావరకు మొదటి పన్నెండింట్లోనే వచ్చేశాయని తేలింది. ఈ "పన్నెండు" తర్వాత ఒక మంత్రంలా మారిపోయింది. నిజానికి వాళ్లు చెప్పింది ఒకే రకం మనుషులు, ఒకే ఇరుకైన ప్రశ్న ఉన్నప్పటి సంగతి. పాతబస్తీలోని యాకుత్‌పురా, కొత్త నగరంలోని కూకట్‌పల్లి, నగరం అవతలి ఇబ్రహీంపట్నం మూడింటినీ కలిపేసి పన్నెండుతో ఆపితే అది ఆ పరిశోధన మాట కాదు.

ఇంటర్నెట్ ద్వారా అంటే మూడు వేర్వేరు పనులు

మొదటిది, ఒకే సమయంలో ఇద్దరూ ఉండి మాట్లాడుకోవడం: వీడియో కాల్, ఆడియో కాల్, లైవ్ చాట్. రెండోది, ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చెప్పడం: ఈమెయిలు, వాట్సాప్ వాయిస్ నోట్లు, ఫోన్ డైరీ. ఈ రెంటిలోనూ మనిషిని అడిగి, ఒప్పించి మాటలు తీసుకుంటారు. మూడోది పూర్తిగా వేరు. జనం తమలో తాము ఫేస్‌బుక్ గ్రూపుల్లోనో, యూట్యూబ్ కామెంట్లలోనో ఇప్పటికే రాసుకున్నది పరిశోధకుడు ఏరుకుని చదవడం. గొడవలన్నీ ఎక్కువగా ఈ మూడోదాని చుట్టూనే. టిక్ మార్కులు మాత్రమే ఉండే ఆన్‌లైన్ సర్వే ఈ మూడింట్లో దేనికిందకీ రాదు.

సూర్యాపేట పుట్టింటికి వెళ్లిన ఫోన్ కాల్

మన షుగర్ ప్రశ్న మీద హైదరాబాద్‌లో ఒక పీజీ డాక్టరు అధ్యయనం చేస్తోందనుకుందాం. ఇది ఊహే. కానీ ఇలాంటివి రోజూ జరిగేవే. రిజిస్టరులో ఒకామె చిరునామా ఉప్పల్. ఇంటికి వెళ్తే తాళం. తొలి కాన్పు కదా, పిల్లను తీసుకుని సూర్యాపేటలో అమ్మగారింటికి వెళ్లింది. దాదాపు 135 కిలోమీటర్లు. పరీక్షకు రావాల్సిన ఆరో వారం సరిగ్గా ఆమె ఊళ్లో లేని వారం. ఇంటింటికీ తిరిగే పరిశోధన ఈమెను "అందుబాటులో లేరు" అని రాసుకుని ముందుకు పోతుంది. ఫోన్ అయితే దొరుకుతుంది. ఇంటర్నెట్ వల్ల కలిగే మొదటి లాభం ఇదే, ఇందులో వాదన ఏమీ లేదు.

వీడియో కాల్ కలిసింది. ఫోను గోడకు ఆనించి ఉంది. ఒళ్లో పాప. ఆమె వెనక నవారు మంచం మీద ఎవరివో కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"టెస్టుకు ఎందుకు వెళ్లలేకపోయారమ్మా?"

"తీరలే మేడం."

"డాక్టరు చెప్పింది అర్థమైందా?"

"అయింది మేడం."

పన్నెండు నిమిషాల్లో కాల్ అయిపోయింది. ట్రాన్స్‌క్రిప్ట్ పేజీన్నర. దీన్ని కోడ్ చేస్తే "సమయం లేకపోవడం" అని వస్తుంది. అంటే మనం వద్దనుకున్న ఆ గూగుల్ ఫారం గడి దగ్గరికే మళ్లీ వచ్చాం.

ఆ డాక్టరు "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు వాయిస్ నోట్ పెట్టండి" అని చెప్పి వదిలింది. రెండ్రోజుల తర్వాత, పాపకు పాలు పట్టడానికి లేచిన వేళ, లోగొంతుతో ఒక నోట్ వచ్చింది. "మేడం, పరిగడుపున రమ్మన్నరు. పాలిచ్చేదాన్ని, పొద్దున తినకుంటే కండ్లు తిరుగుతయి. మా అమ్మనేమో ఇప్పుడు షుగర్ లేదు కదా, ఊకె రక్తం తీపిచ్చుకుంట తిరుగుడేంది అంటది. ఇంకోటి... నాకు షుగర్ వచ్చిన సంగతి మా అత్తకు తెల్వదు. తెలిస్తే రెండో కాన్పు దాక అదే మాట అంటది."

మూడు కారణాలు. పరగడుపు భయం పరీక్ష ఏర్పాటుకు సంబంధించినది. పాలిచ్చే తల్లులను వరుసలో ముందు పిలిచి, పొద్దున్నే పంపేస్తే అది కొంత తీరవచ్చు. తగ్గిపోయింది కదా అన్న అమ్మ మాట సలహా ఇచ్చే పద్ధతికి సంబంధించినది. కడుపుతో ఉన్నప్పుడే ఎవరో అమ్మకు కూడా చెప్పి ఉండాల్సింది. మూడోది రహస్యం. పరీక్షకు రమ్మని ఆసుపత్రి నుంచి ఉప్పల్ ఇంటికి ఫోన్ చేస్తే అది బయటపడుతుంది. గుర్తుచేసే ఫోన్లు ఎక్కువైతే హాజరు పెరుగుతుందని అనుకునే అధికారికి ఈ మూడో కారణం ఏ శాతంలోనూ కనపడదు.

ఇది చూసి ఆన్‌లైనే మేలనడం తొందరపాటు. ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ చేసేవాళ్ల వాదన ఇలా ఉంటుంది: అనుభవం ఉన్న మనిషి అయితే ఆ మంచం మీది కాళ్లు చూడగానే మాట మార్చేది. "నీళ్లిస్తారా" అంటూ వంటింట్లోకి నడిచేది. అక్కడ అసలు సంగతి తెలిసేది, పైగా ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరు ఏం తింటున్నారో కూడా కళ్లతో చూసేది. వీడియోలో కనిపించేది ఫోను చూపించినంత మేరే. ఈ వాదనలో బలం ఉంది. కెమెరా వెనక ఎవరున్నారో అడిగి తెలుసుకోవడం తప్ప పరిశోధకురాలికి ఇంకో దారి లేదు. అలా అడిగే ప్రశ్న పక్కనున్నవాళ్లకు కూడా వినిపిస్తుంది.

వాయిస్ నోటుకు ఇంకో చిక్కు ఉంది. దారిలో ఎవరూ వినకుండా వాట్సాప్ ఎన్‌క్రిప్షన్ కాపాడుతుంది. ఆమె ఫోను మొగుడి చేతిలోకి వెళ్తే కాపాడదు. అత్తకు తెలియకూడదనుకున్న మాట ఇప్పుడు ఆమె ఫోనులోనే, ఆమె గొంతుతోనే రికార్డయి ఉంది.

ఫోను ఎవరికి లేదో వాళ్లు రారు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019–21 మధ్య జరిగింది. దాని ప్రకారం దేశంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు మూడో వంతు. పురుషుల్లో ఇది 57 శాతం. తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు 54 శాతం. ఆ తర్వాత పరిస్థితి మారింది, ఫోన్లు పెరిగాయి. కానీ ఇంట్లో ఫోను ఉండటం వేరు, తలుపు వేసుకుని అరగంట మాట్లాడుకునే ఫోను ఉండటం వేరు. గుణాత్మక పరిశోధన "మా ఇరవై మంది రాష్ట్రమంతటికీ ప్రతినిధులు" అని ఎప్పుడూ అనదు, అందువల్ల ఇది పెద్ద లోపం కాదని కొందరంటారు. నాకు ఇది తప్పించుకునే మాటలా అనిపిస్తుంది. నగరం చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా స్త్రీ కాన్పు తర్వాత పరీక్షకు రాకపోవడానికి కారణం అత్త కాకపోవచ్చు. బట్టీ యజమాని ఇచ్చిన అడ్వాన్సు తీరేదాకా పని వదిలి రాలేకపోవడం కావచ్చు. జూమ్ లింకుతో మొదలైన అధ్యయనంలో ఆ కారణం అసలు పుట్టదు.

అయితే ఎదురుగా చేసే పరిశోధనకూ తనవైన ఖాళీలున్నాయి. ఆసుపత్రి ఓపీ వరండాలో కూర్చున్న పీజీకి ఓపీకి వచ్చినవాళ్లే దొరుకుతారు. గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టు చేసే మనిషి, ఇల్లు కదలలేని వికలాంగుడు, తన జబ్బు పేరు చెబితే ఎవరైనా గుర్తుపడతారేమోనని భయపడే హెచ్‌ఐవీ బాధితుడు అక్కడికి రారు. 2020లో గాంధీ ఆసుపత్రిని పూర్తిగా కోవిడ్‌కు కేటాయించినప్పుడు లోపలివాళ్లతో మాట్లాడాలంటే ఫోనే దిక్కయింది. మన దగ్గర ఆన్‌లైన్ పద్ధతి మామూలు విషయం అయిపోయింది కూడా అప్పటినుంచే.

అటువైపు ఉన్నది నిజంగా పేషెంటేనా?

పాల్గొన్నవాళ్లకు గిఫ్ట్ వోచర్ ఇస్తామని ప్రకటన బయట పెడితే, ఆ జబ్బే లేనివాళ్లు కూడా వస్తారు. ఆన్‌లైన్ పరిశోధకులు ఇతర దేశాల్లో దీని గురించి చాలా రాశారు. ఒకే మనిషి వేర్వేరు పేర్లతో రావడం, కెమెరా ఆన్ చేయనని పట్టుబట్టడం, ఏ ప్రశ్నకైనా పుస్తకంలో ఉన్న లక్షణాలు వరసగా అప్పజెప్పడం వాళ్లు గమనించిన గుర్తులు. ఇప్పుడు చాట్‌బాట్ రాసిచ్చిన జవాబులు కూడా తోడయ్యాయి. సర్వేలో వెయ్యిమందిలో పదిమంది దొంగలుంటే లెక్క పెద్దగా చెడదు. పదిహేనుమందిలో ఇద్దరుంటే మొత్తం కథే మారిపోతుంది.

విరుగుడుగా గుర్తింపు కార్డు చూపించమంటే ఇంకో తలనొప్పి. కెమెరా ఆన్ చేయడానికి సిగ్గుపడే నిజమైన పేషెంటు దొంగలా కనిపిస్తుంది, ఆధార్ అడగగానే వెళ్లిపోతుంది. అందుకే చాలామంది మధ్యేమార్గం పడతారు. ప్రకటన ఊరంతా తిప్పకుండా డాక్టరు ద్వారానో, ఆశా కార్యకర్త ద్వారానో పరిచయం చేయించుకుంటారు. అప్పుడు దొంగలు తగ్గుతారు. కానీ డాక్టరమ్మ చెప్పిందని మొహమాటంతో ఒప్పుకునేవాళ్లు పెరుగుతారు.

అందరికీ కనిపించే పోస్టు అందరిదీ అవుతుందా?

ఇక మూడో రకం. ఒకామె ఫేస్‌బుక్ గ్రూపులో "కాన్పు తర్వాత ఏడుపు ఆగట్లేదు, ఎవరికైనా ఇలా అయిందా?" అని రాసింది. కింద అరవై మంది తమ కథలు చెప్పారు. దీన్ని పరిశోధకుడు వాడుకోవచ్చా?

వాడుకోవచ్చనేవాళ్లు చెప్పేది: ఆమె అడ్మిన్‌కు కూడా తెలియని వేలమంది ముందు రాసింది. పరిశోధకుడు అడిగితే వచ్చే మాటకంటే, తోటి తల్లికి చెప్పుకున్న మాటలో కల్తీ తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా బహిరంగ ప్రవర్తనను గుర్తింపు వివరాలు లేకుండా, హాని కలగని విధంగా నమోదు చేస్తే పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ సమీక్ష నుంచి మినహాయింపు పొందవచ్చంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరో అడుగు ముందుకేసి, మనిషి తానే స్వయంగా బహిరంగపరిచిన వ్యక్తిగత డేటాకు ఈ చట్టం వర్తించదని చెబుతుంది.

కూడదనేవాళ్ల వాదన: గ్రూపులోకి రావాలంటే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పి అడ్మిన్ అనుమతి పొందాలి. అలాంటి చోటును రాసినవాళ్లు ఇంటి వసారాలాగే చూస్తారు తప్ప ట్యాంక్‌బండ్‌లా కాదు. పేరు తీసేసినా ఆ వాక్యాన్ని యథాతథంగా వ్యాసంలో అచ్చువేస్తే, బహిరంగ పోస్టు అయిన పక్షంలో సెర్చ్‌లో కొడితే మనిషి దొరుకుతుంది. గుంథర్ ఐసెన్‌బాక్, జేమ్స్ టిల్ 2001లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ ప్రమాదం గురించి రాశారు. ఫేస్‌బుక్ 2012లో వారంపాటు 6,89,003 మంది న్యూస్‌ఫీడ్‌లో సంతోషం, బాధ ఉన్న పోస్టుల మోతాదు మార్చి చూసిన ప్రయోగం 2014లో బయటికొచ్చినప్పుడు ఎంత దుమారం రేగిందో తెలిసిందే. అది మాటలు సేకరించిన పరిశోధన కాదు. కానీ నిబంధనల మీద "ఐ అగ్రీ" నొక్కడం పరిశోధనకు ఒప్పుకోవడం అవుతుందా అన్న ప్రశ్న అక్కడే అందరికీ అర్థమైంది.

చట్టం ఒప్పుకున్నది, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాల్సినది ఒకటే కానక్కర్లేదు. ఇక్కడ నా మొగ్గు రెండో వాదన వైపే. పోస్టుల సారాంశాన్ని తన మాటల్లో చెప్పుకోవడం, లాక్ ఉన్న గ్రూపైతే అడ్మిన్‌తో పాటు సభ్యులకూ తానెవరో చెప్పి అడగడం పరిశోధకుడికి పెద్ద కష్టం కాదు. అడిగితే జనం రాయడం మానేస్తారంటారు. మానేస్తే అదే వాళ్ల జవాబు.

సమ్మతి: సంతకం నుంచి గొంతు దాకా

సమ్మతి సంగతి మన తెలుగువాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టు మొదలై, 2010లో ఆగిపోయింది. హాస్టల్లో ఉండే గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారన్నది బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అక్కడ కాగితాలున్నాయి, సంతకాలున్నాయి. సమ్మతే లేదు.

ఆన్‌లైన్‌లో కాగితం కూడా ఉండదు. ఫారం లింకు పంపితే చదవకుండా నొక్కేస్తారు. అందుకే చాలా కమిటీలు నోటి సమ్మతిని రికార్డు చేయమంటాయి: పరిశోధకురాలు ఒక్కో అంశం చదివి వినిపిస్తుంది, ఆమె "సరే" అంటుంది, అది రికార్డవుతుంది. చదవడం రాని మనిషి విషయంలో ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం ఏ పక్షానికీ చెందని సాక్షి ఉండాలి. సూర్యాపేట ఇంట్లో ఆ సాక్షి ఎవరు? పక్కన ఉన్నది వాళ్లమ్మ. ఆమె ఏ పక్షానికీ చెందనిది కాదు.

డేటా చట్టం నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువుంది. ఆ చట్టంలో ఆరోగ్య సమాచారాన్ని మరింత సున్నితమైనదని విడిగా చూడలేదు. పరిశోధనకు షరతులతో మినహాయింపు కూడా ఇచ్చారు: ఆ డేటాతో ఆ వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. అంటే పేషెంటుకు కాపలా ఎక్కువగా ఎథిక్స్ కమిటీయే.

పేరు తీసేశాక ఏం మిగులుతుంది?

రికార్డింగును ట్రాన్స్‌క్రిప్ట్ చేయడానికి ఇప్పుడు ఉచిత యాప్‌లు ఉన్నాయి. ఆడియో ఎవరి సర్వర్‌కు వెళ్తోందో చూసుకోకుండా అందులో వేస్తే, గోప్యంగా ఉంచుతామన్న మాట అక్కడే తప్పినట్టు. అదీగాక సూర్యాపేట యాస, మధ్యలో ఇంగ్లిషు మందుల పేర్లు, వెనక పాప ఏడుపు కలిస్తే యాప్ రాసేది చాలావరకు తప్పులే. చివరికి ఎవరో ఒకరు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చోక తప్పదు.

తర్వాత గుర్తులు చెరపాలి. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఇలా ఉందనుకోండి: "ఉప్పల్‌ల ఉంటం, సూర్యాపేట మా అమ్మగారిల్లు, మా ఆయన మెట్రో రైలు నడుపుతడు." పేరు ఎక్కడా లేదు. కానీ మెట్రో రైలు నడిపేవాళ్లు నగరంలో కొద్దిమందే. అందులో ఉప్పల్‌లో ఉండి, ఈ మధ్యే పాప పుట్టి, సూర్యాపేట అల్లుడైనవాణ్ణి తోటి ఉద్యోగి ఇట్టే పట్టేస్తాడు. కాబట్టి "నగర శివారు", "జిల్లా కేంద్రంలో పుట్టిల్లు", "షిఫ్టుల్లో పనిచేసే భర్త" అని మారుస్తారు. షిఫ్టు అన్న ముక్క ఉంచాలి, ఎందుకంటే పరీక్షకు తీసుకెళ్లేవాళ్లు లేకపోవడానికి అదొక కారణం. ఇంకా చెరిపితే మనిషి దొరకదు, కారణమూ దొరకదు. పరిశోధన పారదర్శకంగా ఉండాలని ట్రాన్స్‌క్రిప్టులన్నీ అందరికీ అందుబాటులో పెట్టమని కొన్ని జర్నళ్లు అడుగుతున్నాయి. ఇరవైమంది జీవితాలను పూర్తిగా పెట్టడం అంకెల పట్టిక పెట్టడం లాంటిది కాదని గుణాత్మక పరిశోధకులు ఎదురు చెబుతున్నారు. ఈ వాదన ఇంకా తేలలేదు.

అచ్చయ్యేముందు ఆమె మాటలను ఆమెకే చూపించి సరేనా అని అడగడం మంచి పద్ధతని చాలామంది అంటారు. చూపించాలంటే మళ్లీ అదే ఫోనుకు పంపాలి. అందుకే కొందరు ఈ సంగతి మొదటి రోజే, సమ్మతి తీసుకునేటప్పుడే అడిగి పెట్టుకుంటారు: ఏ నంబరుకు, ఏ వేళ, రాతలోనా మాటలోనా, లేక అసలు పంపవద్దా అని.